కుసుమ వెనింగ్‌కి గాఢ సంతాపం

ఉదయం ఏడుంపావుకి రిక్షాలో బజారు నుంచి తిరిగొస్తున్న బు తర్నోకి, సందు మొదట్లోనే, తాను చనిపోయినట్టు తెలిసింది.

మసీదు మైకులో ఆ కబురు చెబుతున్నది వీధి పెద్ద పాక్ ముల్యాది. "పాక్ తర్నోగారి సతీమణి ఈ తెల్లవారుజామున కన్నుమూశారు. మగవాళ్ళు శ్మశానానికీ, ఆడవాళ్ళు వంటకీ రావలసిందిగా కోరుతున్నాం." ఆయన గొంతు వణికింది. బు తర్నోకి అది కొంచెం నచ్చింది కూడా.

రిక్షా తొక్కుతున్న ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. "అయ్యో, ఎవరోనమ్మా పాపం!"

"నేనే," అంది ఆవిడ. "ఆపకు, పద."

ఆ రోజు ఆవిడ పెట్టుకున్న పనులు రెండే. తెంపే అనే సోయాగింజల ముక్కలు వేయించి కొబ్బరిపాల కూర వండటం, వండాక తపాలా ఆఫీసుకెళ్ళి బుట్టలో ఉన్న ఉత్తరాన్ని డబ్బాలో వేయడం. ఆ ఉత్తరం ప్రచురణకర్తకి. అందులో ఒక్కటే మాట: ఇక రాయను.

సోలో పట్నంలోని ఆ సందులో ఆవిడ రాస్తుందని తెలిసినవాళ్ళు తక్కువ. ఏం రాస్తుందో తెలిసినవాళ్ళు అసలు లేరు. పుస్తకాల మీద పుట్టింటి పేరు హర్జంతి అని ఉంటుంది. సందులో ఎవరి భార్యనైనా మొగుడి పేరుతోనే పిలుస్తారు, మర్యాదకి మగవాళ్ళకి ముందు పాక్, ఆడవాళ్ళకి బు అనో ఇబు అనో చేర్చి. పాక్ తర్నో భార్య బు తర్నో, పాక్ పర్జో భార్య బు పర్జో. ముప్పై ఏడేళ్ళుగా పక్కింట్లో ఉంటున్న బు పర్జోకి కూడా బు తర్నో సొంత పేరేమిటో తెలియదు. అడగాల్సిన అవసరమే రాలేదు.

పదకొండేళ్ళలో హర్జంతి ఐదు పుస్తకాలు రాసింది. అయిదూ ఒకే కథ. నది ఒడ్డున మగ్గం నేసే పిల్ల కుసుమ వెనింగ్‌ని మొసళ్ళ రాజు శపించిన పాత కథ. అమ్మమ్మలు చెప్పే కథలో వెనింగ్ చివరికి నదిలో దూకి చచ్చిపోతుంది. ఏడేళ్ళ వయసులో ఆ ముగింపు విని హర్జంతి రెండు రోజులు అన్నం తినలేదు. పెద్దయ్యాక ఆ కథనే మంత్రాలతో, యుద్ధాలతో కొత్తగా మొదలుపెట్టింది. ఈసారి వెనింగ్ మునగదని మొదటి పుస్తకం మొదటి పేజీలోనే పాఠకులకి మాటిచ్చింది.

మొదటి నాలుగు పుస్తకాలకీ ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. ప్రతి ఉత్తరానికీ ఆవిడ చేత్తో జవాబు రాసేది, కింద చిరునామాతో సహా. ఐదోది, ఆఖరిది, వచ్చి నెల దాటింది. ఒక్క ఉత్తరమైనా రాలేదు. ఆవిడ రెండు కళ్ళకీ ఆపరేషనై ఇంకా చదవకూడదు కాబట్టి పుస్తకాన్ని తానూ తెరవలేదు. రోజూ భర్తనే అడిగేది. "ఏమైనా వచ్చిందా, పాక్?" "ఏమీ లేదు, బూ." నిన్న ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చింది. మాటిచ్చిన కథని పూర్తి చేసినా ఎవరికీ పట్టనప్పుడు కొత్తది ఎవరికోసం?

రిక్షా గేటు ముందు ఆగింది. గేటుకి అడ్డంగా, చావిళ్ళకి పంపే మంచమంత పూలబోర్డు నిలబడి ఉంది. ఊదారంగు గుడ్డ, చుట్టూ చామంతులు, మధ్యలో తెల్లటి అక్షరాలు:

గాఢ సంతాపం
కుసుమ వెనింగ్
అకాల మరణానికి చింతిస్తూ, సెమరాంగ్ నుంచి మీవాళ్ళు

గేటు పక్కన బు పర్జో బియ్యం గిన్నె చంకన పెట్టుకుని ముక్కు చీదుతోంది. "ఎంత అందమైన పేరు! ఇన్నేళ్ళూ నాకు తెలియనే లేదు. కుసుమ వెనింగట! ఆ మనిషికి సరిగ్గా సరిపోయే..." తలెత్తి చూసింది. గిన్నె జారి కాలి మీద పడింది. "అమ్మోయ్! వచ్చేసింది!"

"తెంపే కోసం వెళ్ళాను," అంది బు తర్నో. "ఎవరు చచ్చిపోయారు?"

"నువ్వే!"

"ఎవరు చెప్పారు?"

"మీ ఆయనే!"

నిజానికి పాక్ తర్నో అలా ఏమీ చెప్పలేదు. పొద్దున్న ఆరింటికి ఆయన గేటు తీసి, బోర్డు చదివి, తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. అటుగా వెళ్తున్న వీధి పెద్ద "ఏమైంది?" అంటే "నావల్లే... అంతా నావల్లే" అన్నాడు. దుఃఖంలో ఉన్నవాణ్ణి రెండో ప్రశ్న అడగడం సోలోలో మర్యాద కాదు. పాక్ ముల్యాది బోర్డు మీద పేరు చూశాడు, మూసి ఉన్న తలుపు చూశాడు, ఇంట్లో ఉండేది ఇద్దరే కదా అని లెక్కవేసుకున్నాడు. పది నిమిషాల్లో నలుగురు మనుషులు పారలతో శ్మశానానికి బయల్దేరారు. మరో పది నిమిషాల్లో టెంటు వచ్చింది.

ఇప్పుడు పాక్ ముల్యాది మసీదు నుంచి పరుగున వచ్చి, బతికున్న మనిషిని చూసి, రెండు చేతులూ జోడించాడు. "దేవుడు గొప్పవాడు. మరి కుసుమ వెనింగ్ ఎవరమ్మా?"

"నా కథలో పిల్ల. కానీ చచ్చిపోలేదే! నేను చంపలేదు. పెళ్ళి కూడా చేశాను!"

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కళ్ళ ఆపరేషన్ ఒక్కోసారి తలకెక్కుతుందని బు పర్జో మరిది భార్య ఎక్కడో విన్నదట. వెంటనే ఇద్దరు ఆవిడ చేతులు పట్టుకుని టెంటు కింద మంచం మీద కూర్చోబెట్టారు, ఒకామె విసరడం మొదలుపెట్టింది, ఇంకొకామె అరికాళ్ళకి నీలగిరి తైలం రాసింది.

"పాక్ తర్నో, మీరు చెప్పండి," అన్నాడు వీధి పెద్ద మెల్లగా. "ఎవరండీ ఆవిడ?"

పాక్ తర్నో ముప్పై ఏళ్ళు రైల్వేలో టికెట్లు ఇచ్చిన మనిషి. జీవితంలో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు, అందుకే ఆడటం బొత్తిగా రాదు. "దూరపు చుట్టం," అన్నాడు.

"ఏ ఊరు?"

"ఒనోగిరి."

"శవం ఎక్కడుంది?"

ఇది ఆయన ఆలోచించుకోలేదు. "వస్తోంది," అన్నాడు.

"ఓహో. అయితే తవ్వకం ఆపక్కర్లేదు," అని వీధి పెద్ద తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నలుగురిని పనిలోంచి వెనక్కి పిలవడమంటే ఆయనకి మహా మొహమాటం.

మంచం మీద అరికాళ్ళు మండుతున్న బు తర్నో మాత్రం వేరే లెక్కలో పడింది. వాళ్ళ చుట్టాల్లో వెనింగ్ అనే మనిషి ఉన్నట్టు ముప్పై ఏడేళ్ళలో ఆయన చెప్పలేదు. పైగా పదకొండేళ్ళ కిందట, మగ్గం పిల్లకి ఏ పేరు పెట్టాలా అని తను తలబాదుకుంటుంటే "వెనింగ్ అని పెట్టు, బావుంటుంది" అన్నది ఎవరు? ఈయనే. అప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయని ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు నిజంగా ఎర్రబడ్డాయో లేదో గాని, ఇప్పుడు మాత్రం బాగా గుర్తొచ్చింది.

భర్త మంచినీళ్ళు తెచ్చాడు. "ఒనోగిరిలో నీకెవరున్నారు?" అంది ఆవిడ.

"తర్వాత చెప్తాను, బూ. నువ్వు ఏడవకూడదు. డాక్టరు చెప్పాడుగా."

"ఏడవాల్సిన సంగతా?"

ఆయన గ్లాసు అక్కడ పెట్టి పెరట్లోకి పోయాడు. విసురుతున్న ఆమె విసనకర్ర ఆపేసింది. తలుపు దగ్గరున్న బు పర్జో ఆ రెండు ముక్కలూ విన్నది. అవి వంటింటికి చేరేసరికి ఒనోగిరిలో పాక్ తర్నోకి రెండో సంసారం ఏర్పడింది. కొబ్బరి తురుముతున్న చోట ఒక కొడుకు పుట్టాడు. టెంటు కింద టీలు పంచేసరికి ఆ కొడుకు నౌకాదళంలో చేరాడు.

అయినా ఎవరూ పని ఆపలేదు. మొగుడి తప్పు మొగుడిది, చచ్చిపోయిన మనిషేం చేసింది పాపం, శవం వస్తే నలుగురికి అన్నమైనా ఉండొద్దా అని, ఆ ఆడవాళ్ళు తమ ఇళ్ళలోంచి బియ్యం, గుడ్లు, మిరపకాయలు తెచ్చి మరీ వండుతున్నారు. పొయ్యిల మీద రెండు గుండిగలు ఎక్కాయి. పైకి వచ్చిన ఏడుపుని మింగుతూ బు తర్నో అదంతా చూసింది. సవతి కోసం వీధి వీధంతా చెమటోడుస్తోంది. కోపం రావాలి. రాలేదు. ఇంత మంచివాళ్ళ మధ్య ఉంటూ వీళ్ళకి ఒక్క పుస్తకమైనా ఎందుకు చేతికివ్వలేదా అనిపించింది.

ఎనిమిదిన్నరకి మలాంగ్ నుంచి రెండో బోర్డు దిగింది. "పదకొండేళ్ళు ప్రేమించాం. రెండు పేజీల్లో చంపేశారు." పాక్ ముల్యాది దాన్ని రెండుసార్లు చదివాడు. తొమ్మిదింటికి సురబాయా నుంచి మూడోది. "వెనింగ్‌ని నదిలోకి తోసింది ఎవరో మాకు తెలుసు." అది చదివి ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"బు పర్జో," అన్నాడు గొంతు తగ్గించి, "పోలీసు చౌకీ నంబరు ఎవరి దగ్గరైనా ఉందా?"

"వద్దండీ. మంచి మనిషి. టికెట్ల కిటికీలో ఎప్పుడూ చిల్లర సరిగ్గా ఇచ్చేవాడు."

"చిల్లర సరిగ్గా ఇచ్చేవాళ్ళు తొయ్యరా?"

వాళ్ళిది తేల్చుకునే లోపే సందు మొదట్లో బస్సు ఆగింది. నలభైమంది దిగారు. ఎక్కువమంది ఆడపిల్లలు, అందరూ నల్లబట్టల్లో, చేతుల్లో మల్లెలు. ఒక్కరూ మాట్లాడటం లేదు. వీధి రెండుగా చీలి దారిచ్చింది. ముందున్న అమ్మాయి, సెమరాంగ్‌లో మందులషాపులో పనిచేసే నస్తితి, తిన్నగా బు తర్నో మంచం దగ్గరికి వెళ్ళి, ఆవిడ చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. ఆ తర్వాత భోరుమంది.

"ఇబు హర్జంతీ, ఎందుకు చంపారు?"

వంటింట్లో గరిటె ఒకటి కింద పడింది. "చంపింది ఈవిడా!" అన్నది ఎవరో. "సవతి కదా మరి," అన్నది ఇంకెవరో. "హర్జంతి ఎవరు?" అంది బు పర్జో, ఆ ఒక్క పొద్దునే పొరుగావిడకి రెండు పేర్లు దొరికి తికమకపడుతూ.

"ఎవర్ని చంపానమ్మా?"

"వెనింగ్‌ని! మునగనివ్వనని మాటిచ్చారు. మొదటి పుస్తకం నాకు పదిహేనేళ్ళప్పుడు చదివాను. మా అమ్మ పోయిన ఏడాది. వెనింగ్ మునగదు, నేనూ మునగనని రోజూ అనుకునేదాన్ని. మూడొందల ఉత్తరాలు రాశాం, ఇబూ. ఎప్పుడూ జవాబిచ్చేవారు, ఈసారి ఒక్కదానికీ ఇవ్వలేదు. తిట్టడానికి రాలేదు. బోర్డుల మీద కాస్త ఎక్కువే రాశారు మావాళ్ళు, క్షమించండి. మౌనంగా కూర్చుని, ఆవిడకి దణ్ణం పెట్టుకుని వెళ్దామని వచ్చాం."

"మూడొందలు," అంది బు తర్నో.

"మూడొందల పద్నాలుగు."

బు తర్నో చూపు ఒకసారి పెరటి తలుపు వైపు వెళ్ళి వచ్చింది. ఐదు పుస్తకాల నిండా దొంగల్నీ దోషుల్నీ పట్టిన మనిషి ఆవిడ. గొంతులో ఏమీ తెలియనివ్వకుండా అడిగింది. "నేను ఇంకా చదవకూడదు. ఆ ఆఖరి రెండు పేజీలు చదివి వినిపించు తల్లీ."

నస్తితి సంచిలోంచి పుస్తకం తీసింది. "'వెనింగ్ నది దగ్గరికి వెళ్ళెను. నదిలో నీరు ఉండెను. ఆమె దూకెను. మొసళ్ళ రాజు కూడా దూకెను. సైన్యం మొత్తం దూకెను. ఎవరూ తిరిగి రాలేదు. ఇంతటితో కథ ముగిసెను. ప్రయాణికులకు ధన్యవాదాలు.'"

బు పర్జోకి సాహిత్యం తెలియదు గాని ఆవిడక్కూడా అది బాగాలేదని తెలిసింది. "సైన్యం ఎందుకు దూకింది?" అంది.

"అది నేను రాయలేదు," అంది బు తర్నో.

ఆవిడ లేచి నిలబడింది. అరికాళ్ళ మంట సంగతి మర్చిపోయింది. నలభైమంది పాఠకులూ, సగం వీధీ చాపల మీద సర్దుకున్నాక, తాను రాసిన ముగింపు తలలోంచే చెప్పడం మొదలుపెట్టింది. ఐదు పుస్తకాల పొడుగునా వెనింగ్ ఒకే గుడ్డ నేస్తూ ఉంటుంది కదా, అదెందుకో ఎవరికీ తెలియదు కదా. దాని పొడవు సరిగ్గా నది వెడల్పంత. ఆఖరి రోజున ఒక కొస ఈ ఒడ్డున తాటిచెట్టుకి కడుతుంది, రెండో కొస పట్టుకుని ఈదుతుంది. ఆ గుడ్డ పట్టుకుని, అంతకుముందు ఎన్నో తరాల్లో ఆ నదిలో దూకిన ఆడపిల్లలందరూ ఒక్కొక్కరే నీళ్ళలోంచి పైకి వస్తారు. మొసళ్ళ రాజు వాళ్ళని లెక్కపెట్టలేక నోరు మూసుకుంటాడు.

చెప్పడానికి గంట పట్టింది. గుండిగ కింద మంట ఆరిపోయిందని ఎవరూ గమనించలేదు. నస్తితి నవ్వుతూ ఏడ్చింది. వీధి పెద్ద, తన చెల్లెలు గుర్తొచ్చిందని చెప్పి, టోపీతో మొహం తుడుచుకున్నాడు. బు పర్జో మాత్రం తేరుకోలేక "ఇన్నేళ్ళు గోడకి అవతల ఇది పెట్టుకుని, నాతో ఎప్పుడూ మిరపకాయల ధరే మాట్లాడావా!" అని దెబ్బలాటకి దిగింది.

"నీకు పుస్తకాలిస్తాను, బు పర్జో. అయిదూ ఇస్తాను." బు తర్నో చుట్టూ చూసింది. తన కథలో పిల్ల పోయిందని మూడు గంటలు బస్సులో ఏడుస్తూ వచ్చినవాళ్ళు ఒకవైపు. ఆ పిల్ల ఎవరో తెలియకుండానే వండిపెట్టినవాళ్ళు ఇంకోవైపు. "నేను పోయాక కూడా ఇంత బాగా జరగదు," అంది. బుట్టలోంచి తపాలా కవరు తీసి, మళ్ళీ పొయ్యి అంటించమని బు పర్జో చేతికిచ్చింది. "ఆఖరి అధ్యాయం రేపే మళ్ళీ రాస్తాను. దాని తర్వాత కొత్త కథ. ముందు అన్నాలు తినండి."

తిన్నారు. చావు భోజనం అంత సంతోషంగా ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ తినలేదు. అప్పుడే శ్మశానం నుంచి నలుగురూ మట్టికాళ్ళతో వచ్చారు. "గొయ్యి అయిపోయింది. శవం ఎప్పుడొస్తుంది?"

పాక్ ముల్యాది నోట్లో మెతుకు ఆగింది. తవ్విన గొయ్యిని ఖాళీగా పూడ్చకూడదు. పూడిస్తే అది వీధిలోంచి ఇంకెవరినో అడుగుతుందని పెద్దల మాట. శవం దొరకనప్పుడు అరటిబోదెని పాతిపెట్టడం ఆనవాయితీ. కానీ బోదె ఎవరి పేరున?

"దాంతోపాటు ఈ రెండు పేజీలూ పాతేద్దాం," అంది నస్తితి.

అలా మధ్యాహ్నం పన్నెండున్నరకి సోలోలో ఒక ఊరేగింపు బయల్దేరింది. ముందు నలుగురి భుజాల మీద పాక్ పర్జో పెరట్లోని అరటిబోదె, వెనక నలభైమంది నల్లబట్టలవాళ్ళు, ఒక్కొక్కరి చేతిలో చింపిన రెండేసి కాగితాలు, వాళ్ళ వెనక బు తర్నో, అందరికన్నా వెనక తప్పించుకోవడానికి దారి దొరకని పాక్ తర్నో. నడుస్తూనే నస్తితి ఫోన్ తీసింది. "ఇది అచ్చాఫీసువాళ్ళ పనే. వాళ్ళింటికీ ఒక బోర్డు పంపుతాను, ఇంతకన్నా పెద్దది." ఆ మాట విని పాక్ తర్నో తట్టుకుని పడబోయాడు.

బోదెని దింపారు. కాగితాలు దాని మీద ఆకుల్లా రాలాయి. "ప్రార్థన చదవను, అది ఆటకాదు," అన్నాడు పాక్ ముల్యాది. "రెండు మాటలు చెప్తాను." కానీ గొయ్యి అంచున నిలబడగానే ఆయనకి ఇరవై ఏళ్ళ అలవాటు అడ్డొచ్చింది. "పోయినవారు ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే క్షమించండి," అన్నాడు. అరటిబోదె వైపు చూసి, ఆగి, దిద్దుకున్నాడు. "అదే... పోయినవారికి ఎవరైనా అన్యాయం చేసి ఉంటే, మట్టి వెయ్యకముందే చెప్పేయండి."

బు తర్నో వెనక్కి తిరగలేదు. గొయ్యి వైపే చూస్తూ నిలబడింది. ఆవిడకి తొందరేమీ లేదు.

వెనకనుంచి టికెట్ల కిటికీలో అడిగినంత వినయంగా ఒక గొంతు వచ్చింది.

"అచ్చాఫీసువాళ్ళకి బోర్డు వద్దమ్మా. నేనే. నువ్వు ఆసుపత్రిలో ఉండగా, బూ, పావురం పంజరం శుభ్రం చేస్తూ, బల్ల మీద దొరికిన కాగితాలు అడుగున పరిచాను. అది నీ ఆఖరి అధ్యాయమని మూడో రోజుకి గానీ తెలియలేదు. అప్పటికి నాకన్నా ముందే పావురం చదివి దాని అభిప్రాయం రాసేసింది. నీ కళ్ళకి కట్లు. ఏడిస్తే చూపు పోతుందన్నాడు డాక్టరు. నీకెలా చెప్పను? అవతల అచ్చాఫీసువాళ్ళు రోజూ ఫోను. నాకు తెలిసిన ముగింపు మా అమ్మమ్మ చెప్పిందొక్కటే, అదే కొట్టి పంపించాను. ఉత్తరాలన్నీ వాడని బియ్యపు డబ్బాలో ఉన్నాయి, ఒక్కటి కూడా పారెయ్యలేదు. ఒనోగిరిలో నాకెవరూ లేరు. ఆ పిల్ల మీద నాకేం పగ లేదు, బూ. బతికించాలంటే నీకే పద్నాలుగు పేజీలు పట్టింది. నేను టైపు చేసేది రెండు వేళ్ళతో."